పూజలో చిక్కిన కార్బొరేటర్

ఆ కారు నాకు దొరికేనాటికి అందులో కోళ్లు కాపురం ఉంటున్నాయి. వెనక సీట్లో ఒక పెట్ట పొదిగి కూర్చుంది. స్టీరింగు మీద పుంజు. మేడ్చల్ వైపు ఒక ద్రాక్షతోటలో నేను అప్పట్లో ట్రాక్టరు నడిపేవాణ్ని. తోట యజమాని కొత్త కారు కొనుక్కుని, పాతదాన్ని పురుగుమందు డబ్బాల షెడ్డులో తోసి, దాని సంగతే మరిచిపోయాడు. ఒకరోజు ఆ షెడ్డు ఖాళీ చేయాల్సి వచ్చింది. "దీన్ని ఎవడన్న తీస్కవోతె పుణ్యముంటది" అన్నాడు. పుణ్యం విషయంలో నేను ఎప్పుడూ వెనకబడలేదు. కోళ్లను దింపి, ట్రాక్టరుకు తాడు కట్టి మా ఊరు శామీర్‌పేట దాకా ఈడ్చుకొచ్చాను. దారిలో ఎదురైన వాళ్లు శవయాత్రకు తప్పుకున్నట్టు పక్కకు తప్పుకున్నారు. ఒకాయన తలపాగా కూడా తీశాడు.

తొంభైల చివరి రోజులవి. అప్పటికి మా వాడలో కారున్న ఇల్లు లేదు. మా ఇంటి ముందు రేకుల షెడ్డులో దాన్ని ఇటుకల మీద నిలబెట్టాక కూడా కారున్న ఇల్లు లేదనే చెప్పాలి.

ఆ షెడ్డు నిజానికి నా భార్య కోసం వేసింది. ఆమె జాకెట్లు కుట్టేది. మిషన్ వసారాలో ఉండేది. వాన జల్లు కొడితే ముందు మిషన్ మీద గోనెసంచి కప్పి, తర్వాత తాను లోపలికి ఉరికేది. మిషన్‌ను షెడ్డులోకి మార్చి, ముందు ఒక బోర్డు తగిలించి, కొత్తగా లేస్తున్న కాలనీల వాళ్ల బట్టలన్నీ తానే కుట్టాలని ఆమె ఆశ. రేకులు వేసి ఇంకా వారం కాలేదు, నేను కారు తెచ్చి అందులో దూర్చాను. ఆమె దాని చుట్టూ ఒక్కసారి తిరిగి వచ్చింది.

"గిదేంది?"

"కారు."

"గది నాకు గూడ కనవడుతాంది. నడుస్తదా?"

"నడుస్తది. జర టైం వడ్తది."

"నా మిషన్ నడుస్తాంది గదా. నడిసేదాన్ని బయట వెట్టి, నడవనిదాన్ని లోపట వెడితివా?"

నేను కారు కిందికి దూరాను. ఆమె ప్రశ్నలకు అలా దూరడం నాకు ఆ రోజే అలవాటైంది. మంచి అలవాటు. ఇప్పటికీ పనికొస్తోంది.

మా బాపు చెరువులో చేపలు పట్టేవాడు. ఆయన కూడా వచ్చి చూశాడు. చూసి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"గిది నీళ్లల్ల తేలుతదారా?"

"తేలది బాపు."

"నడువది, తేలది. ఇగ ఎగురుతదేమో సూడు."

బడి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఏడో తరగతి సగంలో మానేశాను. నేను రానన్నాను, లెక్కల సారు వద్దనలేదు. అంత చక్కగా మేమిద్దరం ఒప్పుకున్న లెక్క అదొక్కటే. కాబట్టి పుస్తకం చూసి రిపేరు నేర్చుకునే యోగం నాకు లేదు. నాకున్నది ఒకటే పద్ధతి. ఏ ముక్క విప్పినా, విప్పిన వరుసలోనే పాత పేపరు మీద ఎడమ నుంచి కుడికి పేర్చుకుంటూ పోవడం. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకు రావడం. మధ్యలో గాలి వచ్చి పేపరు లేస్తే మాత్రం దేవుడే దిక్కు. అందుకని నాలుగు మూలలా నాలుగు రాళ్లు.

ఆ పద్ధతితోనే ఆ కారును ముక్కు నుంచి తోక దాకా విప్పాను. పెట్రోలు ట్యాంకులో తుప్పు పేరుకుపోతే, ట్యాంకు దించి, లోపల కంకర, కిరసనాయిలు పోసి, నడిబజారులో దాన్ని అటూ ఇటూ దొర్లించాను. ఆ చప్పుడుకు వాడంతా బయటికొచ్చి, ఏదో ఆట మొదలవుతుందనుకుని కూర్చున్నారు. ఆటే మరి, ఒప్పుకుంటాను. పెట్రోలు పంపులో చిరిగిన రబ్బరుకు బదులు సైకిలు ట్యూబు కోసి వేశాను. పెట్రోలు తాగి అది పూరీలా ఉబ్బింది. తీసేసి, ట్రాక్టరు సామాన్ల దుకాణంలో దానికి తగ్గ రబ్బరు వెతికి తెచ్చాను. కార్బొరేటర్ కింద వేసే ప్యాకింగు అట్ట మాత్రం ఎక్కడా దొరకలేదు. మా మరదలి పెండ్లిపత్రిక మందంగా, గట్టిగా కనిపించింది. దాన్నే కత్తిరించి వేశాను. ఆ పెళ్లీ, ఆ ప్యాకింగూ రెండూ నేటికీ లీకు లేకుండా ఉన్నాయి.

ఎదురింట్లో గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక బ్యాంకు సారు ఉండేవారు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో గేటు దగ్గర నిలబడి నా పని చూసేవారు.

"ఏం తమ్ముడూ, ఇవాళ ఏ పార్టుకి పోస్టుమార్టం?"

"బ్రేకులకు సారు."

"కదలని బండికి బ్రేకులెందుకయ్యా?"

"కదలకుండ ఉండాలంటె బ్రేకులు మంచిగుండాలె గదా సారు."

ఆయన నవ్వి కాఫీ ఒలకబోసుకునేవారు. ఆయన కాఫీ మీద నాకు అంత అధికారం ఉండేది.

నా భార్య ఆ వానాకాలమంతా ఓపిక పట్టింది. బతుకమ్మ కోసం గునుగు పువ్వు, తంగేడు పువ్వు వాడలోకి వచ్చే రోజుల్లో గడువు పెట్టింది.

"దసరా నాడు గీ కారు తనంతట తాను జమ్మిచెట్టు దాక పోవాలె. పొద్దుమూకకముందే. పోతె నీది. పోకుంటె తెల్లారి ఉల్లిగడ్డలాయనది."

ఉల్లిగడ్డలాయన అంటే పాత ఇనుము తీసుకుని ఉల్లిగడ్డలు తూచి ఇచ్చే తోపుడుబండి అతను. కారు వచ్చిన దగ్గర్నుంచి అతను మా వాడకు తరచుగా రావడం మొదలుపెట్టాడు. మేకను బేరం చేసేవాడిలా దాని పక్కటెముకల మీద వేళ్లతో కొట్టి చప్పుడు వినేవాడు. "వదినా, గిది నాకిచ్చినవనుకో, మీ మనుమల పెండ్లిళ్ల దాక ఉల్లిగడ్డలు కొనే పనుండది" అనేవాడు. ఆమె నవ్వేది కాదు. అదే నాకు భయం.

ఆమె మాట తప్పే మనిషి కాదు. నేను కారు కింద ఉన్న నెలల్లో మా ఇంటికి వచ్చిన కూరగాయలన్నీ ఆ మిషన్ మీది నుంచి వచ్చినవే. ఆమె జాగా నేను ఆక్రమించుకున్నాను, తిరిగి అడిగే హక్కు ఆమెకుంది. కానీ ఆ కారులో నేను చేయి పెట్టని చోటు లేదు. దాన్ని తూకం మీద ఉల్లిగడ్డలకు ఇవ్వడమంటే నన్ను కూడా ఆ తోపుడుబండి మీద ఎక్కించినట్టే.

పండుగ ఇంకా కొన్ని రోజులుందనగా కారును ఇటుకల మీది నుంచి చక్రాల మీదికి దించాను, ఇంజను కూడా లేచింది. ముందు నుంచి స్టార్టింగ్ హ్యాండిల్ వేసి తిప్పితే ఒక్కసారి గర్జించి, వాడలో దోమలన్నీ వలస పోయేంత పొగ వదిలింది. పొగ తగ్గాక చూస్తే సారు గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నారు. కానీ యాక్సిలేటర్ తొక్కగానే దగ్గి ఆగిపోయేది. పెట్రోలు సరిగ్గా అందడం లేదని అర్థమైంది. ఇంజనుకు పెట్రోలు, గాలి కలిపి పట్టేది కార్బొరేటర్. పండుగ ముందురోజు దాన్ని దించి, ముక్కముక్కలుగా విప్పి, పెట్రోలుతో కడిగి, చాటలో పేపరు వేసి వరుసగా పేర్చాను. ఆరడానికి ఆ చాటను వసారాలో దేవుని అర్ర గడప ముందు పెట్టాను. పొద్దున బిగిస్తే సరిపోతుంది అనుకున్నాను.

దసరా పొద్దున తోటకు పోవాల్సి వచ్చింది. ట్రాక్టరు పూజకు డ్రైవరే కొబ్బరికాయ కొట్టాలి. కొట్టి, ప్రసాదం తిని, ఇంటికొచ్చి చూస్తే మా ఇంట్లో కూడా పూజ అయిపోయింది. దేవుని ముందు మిషన్, కత్తెర, సూదుల డబ్బా, బాపు వల, గడ్డపార, కొడవలి, నట్లు బిగించే నా పానాలు, స్క్రూలు తిప్పే పేచ్‌కస్, జాకీ, కారు హ్యాండిల్ అన్నీ కడిగి పసుపు కుంకుమలతో మెరుస్తున్నాయి. వాటి నడుమ చాట. చాటలో నా కార్బొరేటర్. ఒక్కో ముక్కకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపువ్వు రెక్క అద్దింది నా భార్య. ఆవగింజంత ఇత్తడి ముక్కకు కూడా బొట్టు తప్పలేదు.

"ఏమే, గివెందుకు వెట్టినవే?"

"ఆయుధాలన్ని వెట్టాలె గదా. నీయి ఒక్కటి గూడ ఇడ్వలే. వరుస గూడ చెడగొట్టలే, సూస్కో."

చూశాను. నిజంగానే వరుస చెడలేదు. అంత కోపంలోనూ ముచ్చటేసింది.

"గివి లేకుంటె కారెట్ల నడుస్తదే?"

"పూజకు వెట్టినంక రేపు పొద్దుగాల దాక ముట్టద్దు."

"మరి జమ్మికాడికి ఇయ్యాలనే పోవాలంటివి."

"అవు, అన్న."

"మరెట్ల?"

"గదే నేను గూడ సూస్తున్న."

ఎదురింటి గేటు దగ్గర నుంచి సారు కల్పించుకున్నారు. "మా వైపు సాయంత్రానికి తీసేస్తామమ్మా. ఏం దోషం లేదు."

"మీ దిక్కు మీది సారు, మా దిక్కు మాది" అంది ఆమె.

అప్పటిదాకా మంచం మీద కూర్చుని కొత్త కండువా మడత చూసుకుంటున్న బాపు తల ఎత్తాడు.

"బిడ్డా, వల పూజల ఉన్నది. ఇయ్యాల నేను దాన్ని ముట్ట. మరి చెరువుల చాపలు గూడ పూజల ఉన్నట్టేనా?"

"చాపలెందుకుంటయి మామ."

"మరి పానాలు ఆయుధాలు. గా ముక్కలు చాపలు. వలల వడ్డ చాపను తీస్తె వలకు తప్పువట్టదు."

ఆమె కాసేపు ఆలోచించింది. మామ మాటను కాదనలేదు, ఒప్పుకోవడానికీ తొందరపడలేదు. చివరికి చాట తెచ్చి నా చేతిలో పెట్టింది. "ముక్కలు తీస్కో. పానాల మీద చెయ్యి వడ్డదనుకో, పండుగ పండుగ లెక్కుండది."

నేను బాపు కాళ్లు మొక్కినంత పని చేశాను. షెడ్డులోకి పోయి కూర్చున్నాక అప్పుడు తట్టింది. పానా లేకుండా బిగించేదెట్లా? ఆ రోజు ఊళ్లో ఏ ఇంటికి పోయి అడిగినా అంతే. అందరి ఇనుమూ దేవుని ముందే ఉంది. సారు తన స్కూటర్ సామాన్ల సంచి ఇస్తానని లోపలికి నడిచారు. కిటికీలోంచి వాళ్లావిడ ఒక్క చూపు చూసింది. "సాయంత్రం ఇస్తాను తమ్ముడూ" అని అట్నుంచి అటే కుర్చీలో కూలబడ్డారు. గుంటూరైనా శామీర్‌పేటైనా కిటికీ కిటికీయే.

ముక్కల మీది పసుపును పెట్రోలుతో కడిగి, వేళ్లతోనే మొదలుపెట్టాను. స్క్రూలన్నీ రూపాయి బిళ్లతో తిప్పి బిగించాను. నట్లు మాత్రం వేళ్లకు లొంగలేదు. అవి వదులుగా ఉంటే పెండ్లిపత్రిక దగ్గర గాలి పీలుస్తుంది, ఇంజను నిలవదు. వేళ్ల చర్మం లేచిపోయింది. ఆ సమయంలో నా భార్య గారెలు కాలుస్తూ చేతిలో పట్కారుతోనే వంటింటి గడపలోకి వచ్చింది. వేడి గిన్నెలను దించే పట్కారు. వంట ఆగకూడదని దాన్ని పూజకు పెట్టలేదు. నేను దాన్ని చూశాను. నేను చూడటం ఆమె చూసింది.

"గిది వంటింటిది."

"పూజల లేదు గదా."

"గారెలెట్ల కాల్చాలె మరి?"

చర్మం లేచిన వేళ్లు ఆమె ముందు చాపాను. జీవితంలో నేను ఊరుకుని గెలిచిన సందర్భాలు తక్కువ, అందులో ఇదొకటి. ఆఖరి వాయి గారెలు తీసి, మూకుడు దించి, పట్కారును చీర కొంగుతో తుడిచి తెచ్చి ఇచ్చింది. "వంగవెట్టకు" అని మాత్రం అంది. దాని నోరు నట్టును మొసలిలా పట్టింది.

హ్యాండిల్ పూజలో ఉంది, బ్యాటరీకి అంత ఓపిక లేదు. ఇక తోయడమే. కొత్త బట్టల్లో జమ్మికి బయలుదేరిన మగవాళ్లందరినీ ఆపాను. సారు తెల్లటి పంచె ఎగ్గట్టి వచ్చారు. బాపును కలవడానికి కొత్త చొక్కా తొడుక్కుని వచ్చిన ఉల్లిగడ్డలాయన కూడా వెనక చెయ్యేశాడు.

"అన్నా, దీన్ని నేను తోలుకవొయ్యేది రేపు గదా. ఒక దినం ముందుగాలనే తోపిస్తున్నవ్" అన్నాడు.

"అలవాటు చేస్కో" అన్నాను. నవ్వుతూనే అని, పోయి స్టీరింగు ముందు కూర్చున్నాను.

వాడ చివరి దాకా తోశారు. ఒకసారి తుమ్మింది, రెండడుగులు ఎగిరింది, ఆగిపోయింది. మళ్లీ తోశారు. మళ్లీ అంతే. పొద్దు చెరువు కట్ట వైపు దిగుతోంది. తోసినవాళ్లు చేతులు దులుపుకుని ఒక్కొక్కరే జమ్మి దారి పట్టారు. ఉల్లిగడ్డలాయన మర్యాదస్తుడు. పోతూ పోతూ బానెట్టు మీద నెమ్మదిగా ఒక తట్టు తట్టాడు, పరామర్శకు వచ్చినవాడిలా.

నా భార్య కొత్త చీరలో, తలలో పువ్వులతో కారు పక్కన నిలబడి ఉంది. గెలిచిన ముఖం కాదు అది. చెప్పిన మాట చెప్పినట్టు చేయాల్సి వస్తుందేమోనని బెంగపడుతున్న ముఖం.

మళ్లీ రూపాయి బిళ్ల తీశాను. కార్బొరేటర్ మూత విప్పి, లోపలి జెట్టు తీశాను. జెట్టు అంటే పెట్రోలు సన్నటి ధారగా పోవడానికి నడుమ రంధ్రం ఉన్న చిన్న ఇత్తడి ముక్క. దాన్ని పొద్దుకు ఎదురుగా పట్టి ఒక కన్ను మూశాను. రంధ్రంలోంచి వెలుగు రావాలి. రాలేదు. నోటితో ఊదాను, రాలేదు. తిప్పి చూస్తే లోపల ఎర్రగా ఉంది.

"ఏందది?" అని ఆమె వంగింది.

"కుంకుమ."

ఆమె బొట్టు పెట్టిన తన వేలు చూసుకుంది. "దేవుని కుంకుమ అడ్డం వస్తదా?"

"దేవునిది రాదే. నీది వచ్చింది. పెండ్లికూతురుకు వెట్టినట్టు వెట్టినవ్."

"సూదితోని తీయి మరి."

"సూదులు నువ్వే పూజల వెడితివి. ఉన్నా గూడ పెట్టద్దు. ఇత్తడి మెత్తగుంటది, గీసుకవోతె రంధ్రం పెద్దగైతది. ఇగ జన్మల సక్కగ నడువది. మెత్తటిది, సన్నటిది కావాలె."

ఆమె నా ముఖం చూసింది, జెట్టు చూసింది. జడ ముందుకు వేసుకుని, పువ్వుల కింద నుంచి ఒక పొడుగాటి వెంట్రుక పట్టి ఒక్క లాగు లాగింది. దాన్ని పెట్రోలులో తడిపి ఇచ్చే పని కూడా నాకు వదల్లేదు. జెట్టు నా చేతిలోంచి తీసుకుని, దారం ఎక్కించే మనిషి గనుక ఒక్క ప్రయత్నంలోనే వెంట్రుకను రంధ్రంలోకి ఎక్కించింది. రెండు కొసలు పట్టుకుని ఇటూ అటూ లాగింది. ఎర్రటి మడ్డి ఆమె వేలికి అంటింది. పొద్దుకు ఎదురుగా పట్టి ఒక కన్ను మూసి చూసింది.

"కనవడుతాంది" అంది.

బిగించాను. ఈసారి తోయడానికి మిగిలింది బాపు, సారు, ఆమె. బాపు చేతులు ఏళ్ల తరబడి వల లాగిన చేతులు. ఇరవై గజాలు కూడా పోలేదు, కారు లేచింది. తుమ్మలేదు, దగ్గలేదు. యాక్సిలేటర్ తొక్కితే ఇంకా గట్టిగా మాట్లాడింది. నేను ఆపితే మళ్లీ లేవదేమోనని ఆపకుండా మెల్లగా నడిపిస్తూ ఉంటే, నడిచే కారులోకి ముగ్గురూ ఉరికి ఎక్కారు. సారు పంచె మీద నల్లటి గ్రీజు అచ్చు. "తమ్ముడూ, ఈ పంచె ఉతికించను. దాచుకుంటాను" అన్నారు. ఆ పంచెను వాళ్లావిడ ఏం చేసిందో నాకు తెలియదు.

పొద్దు ఇంకా చెరువు మీద ఉండగానే మేము జమ్మి దగ్గరకు చేరాం. హారను పనిచేయదు కాబట్టి బాపు కిటికీలోంచి తల బయటపెట్టి "జరుగుండ్రి, జరుగుండ్రి" అని అరుస్తూ వచ్చాడు. ఆయన అంత సంతోషంగా ఎవరినీ జరగమనడం నేను చూడలేదు. ఉల్లిగడ్డలాయన జమ్మి ఆకు నా చేతిలో పెట్టి, గట్టిగా కావలించుకుని, "ఇంతలనే ఏ మెకానిక్ షెడ్డుల చేపిచ్చినవన్నా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే నా భార్య జవాబు చెప్పింది.

"ఏ షెడ్డు లేదు. ఇంట్లనే చేసుకున్నం."

చేసుకున్నం. ఆ మాటలో ఆమె కూడా ఉందని విని, నేను కాలరు సర్దుకున్నాను. చొక్కా మీద అప్పటికి కాలరు తప్ప శుభ్రమైన చోటు లేదు.

తిరిగి వచ్చాక షెడ్డులోకి తిప్పబోతే ఆమె స్టీరింగు మీద చెయ్యి వేసింది. "గీడనే ఆపు. నడిసే బండికి షెడ్డెందుకు?" వాడలోనే, గోడ పక్కన ఆపాను. ఆ తర్వాత అది ఎన్నో ఏళ్లు ఎండకు ఎండి, వానకు తడిసి, మచ్చ బొల్లారం కాలనీల దాకా ఆమె కుట్టిన బట్టల మూటలు మోసింది. మేడ్చల్ ద్రాక్షతోటలు ప్లాట్లయిపోయి, నా ట్రాక్టరు పని పోయినప్పుడు బాడుగలకూ తిరిగింది. మెకానిక్ చెయ్యి దాని మీద పడలేదు. పడనిస్తే కదా.

దసరా మరునాడు పొద్దున్నే పూజలో నుంచి సామాన్లు తీశాం. బాపు, నేను చెరోవైపు పట్టి మిషన్‌ను షెడ్డులోకి చేర్చాం. ఆమె కూర్చుని తొక్కింది. చక్రం కీచుమంది. ఎన్నాళ్ల నుంచో జల్లులో తడిసిన చక్రం. నేను పానా తీసుకుని వంగబోయాను.

"లే. నా మిషన్ నేనే విప్పుత."

"నీకేమెరుక?"

"నిన్న నీ జెట్టు ఎవలు సాపు చేసిండ్రు?"

పానా ఇచ్చాను. ఆమె నేల మీద ఒక పేపరు పరిచి, నాలుగు మూలలా నాలుగు బాబిన్‌లు పెట్టి, మొదటి నట్టు మీద పానా వేసింది.

"ఎటు దిప్పాలె, ఇటా, అటా? చెప్పి అవుతల కూసో" అంది.